ఒళ్ళు తగ్గాలి, ఓపిక తగ్గకూడదు!

"అక్కయ్యగారూ! నాకు 38 ఏళ్ళు. రెండో కాన్పు తర్వాత ఒళ్ళొచ్చి 78 కిలోలయ్యాను. మూడు నెలల క్రితం గట్టిగా అనుకుని పొద్దున్న టిఫిను మానేశాను. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, కూర. రాత్రి రెండు పుల్కాలు. తెల్లవారుజామున ఐదింటికి మా ఎన్టీఆర్ స్టేడియంలో గంట నడక. ఏడు కిలోలు తగ్గాను. కానీ రెండు వారాలుగా మెట్లెక్కితే ఆయాసం, పిల్లలమీద విసుగు, తల దువ్వితే చేతినిండా జుట్టు. మొన్న గంజి వారుస్తుంటే కళ్ళు తిరిగాయి. గిన్నె జారి మా చిన్నవాడి కాళ్ళకి జానెడు దూరంలో పడింది. దివిసీమ నుంచి వచ్చిన మా అత్తగారు, 'మేం కడుపునిండా అన్నం తిని ఊడ్పులకెళ్ళాం, నీకీ పస్తులేమిటే' అంటారు. మావారేమో 'ఇంకో అరగంట ఎక్కువ నడువు, అదే అలవాటవుతుంది' అంటారు. ఎవరి మాట వినను?"

గుడివాడ చెల్లెలి ఉత్తరం ఇది. బందరు నుంచీ, అవనిగడ్డ నుంచీ కూడా ఇలాంటి గోడు వినిపిస్తూనే ఉంది. అందుకే జవాబు అందరికీ కలిపి రాస్తున్నాను.

చెల్లెమ్మా, ముందు ఒక్క మాట. పిల్లవాడికి ఏమీ కాలేదు, అదే పదివేలు. కానీ ఆ గిన్నె జారడాన్ని హెచ్చరికగా తీసుకోండి. మీ అత్తగారి మాటలో సగం నిజముంది. రోజంతా బురదలో నడుం వంచి నాట్లు వేసే మనిషికి ఆ అన్నం అరిగిపోయేది. మనకి అంత అన్నం అక్కర్లేదు. కానీ పని చేసే ఒంటికి తిండి కావాలన్న ఆవిడ మాట మాత్రం అక్షరాలా నిజం. ఇక మీవారి సలహా ఇప్పుడు బొత్తిగా పనికిరాదు. నీరసం బద్ధకం కాదు, ఇంకాస్త నడిస్తే పోయేదీ కాదు.

దృఢమైన మగవాళ్ళే డీలా పడ్డారు

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక పరిశోధన చేశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకి ఆరు నెలలపాటు రోజుకి సుమారు 1,570 కేలరీల తిండి పెట్టి, వారానికి 22 మైళ్ళు నడిపించారు. అంటే తిండి సగానికి సగం కోసి, నడక మాత్రం తప్పనివ్వలేదన్నమాట. చివరికి ఏమైంది? బరువు పావు వంతు తగ్గింది. దాంతోపాటు నీరసం, చలి, కళ్ళు తిరగడం, చీటికిమాటికి చిరాకు. ధ్యాసంతా తిండిమీదే! కొందరైతే వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారట. నిక్షేపంలాంటి కుర్రాళ్ళే అలా అయిపోతే, ఇంటిచాకిరీ చేస్తూ పస్తులుండే ఇల్లాలి మాట చెప్పాలా?

తిండి బాగా తగ్గితే ఒళ్ళు పొదుపు మొదలుపెడుతుంది. నెల జీతం తగ్గితే మనం ఖర్చులు బిగబట్టమూ, అలాగే. కదలిక తగ్గుతుంది, ఉత్సాహం తగ్గుతుంది. పప్పు, గుడ్డు, పాలులాంటివి చాలకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. కండ తగ్గితే మెట్లెక్కే బలం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మొదటి వారం మోసం

2018 ప్రాంతంలో మన ఇళ్ళల్లో ఎక్కడ చూసినా వీరమాచనేని రామకృష్ణగారి ఆహార పద్ధతి గురించే కబుర్లు, గుర్తుందా? అన్నం, పిండిపదార్థాలు మానేసి కొబ్బరినూనె, నిమ్మకాయలతో గడిపే పద్ధతి అది. బాగా తగ్గామన్నవాళ్ళున్నారు, వద్దన్న డాక్టర్లూ ఉన్నారు. ఆ వాదన మనకెందుకు గానీ, ఒక సంగతి మాత్రం తెలుసుకోవాలి. ఏ పద్ధతిలోనైనా అన్నం ఒక్కసారిగా మానేస్తే, ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం ఖర్చయి, దాన్ని పట్టుకుని ఉన్న నీళ్ళు కూడా పోతాయి. మొదటి వారం ముల్లు గబగబా దిగేది చాలావరకు అందుకే. నీళ్ళతో ఉప్పు కూడా పోతుంది. లేచి నిలబడితే కళ్ళు తిరిగేది ఇందువల్ల కూడా. అందులో మనది సముద్రపుగాలి. బందరు ఎండల్లో ఊరికే కూర్చున్నా చెమట కారుతుంది. కాబట్టి నడిచి రాగానే చిటికెడు ఉప్పు, నిమ్మరసం వేసిన పల్చటి మజ్జిగ తాగండి. రక్తపోటున్నవాళ్ళు మాత్రం ఉప్పు విషయం డాక్టరుగారినడగాలి.

లావుగా ఉన్నా రక్తం ఉండకపోవచ్చు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 36 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. రక్తహీనత ఉన్నవాళ్ళు నూటికి 58 మందికి పైనే! అంటే ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. మనిషి దిట్టంగా కనబడుతోందని రక్తం సంగతి ఎవరూ ఆలోచించరు. హిమోగ్లోబిన్ 12 ఉండాలి. అది తగ్గితే నడకకి ఆయాసం రాక ఏమొస్తుంది?

కాబట్టి చెల్లెమ్మా, ఈ వారమే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించండి. బహిష్టు ఎక్కువగా అవుతుంటే సిగ్గుపడకుండా చెప్పండి. షుగరుకి బిళ్ళలో, ఇన్సులినో వాడేవాళ్ళు తమంతట తాము భోజనం మానేయడం ప్రమాదం సుమా!

మరి ఏం తినాలి?

ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము, కిలో బరువుకి 0.83 గ్రాముల చొప్పున మాంసకృత్తులు కావాలని 2020లో జాతీయ పోషకాహార సంస్థవారు లెక్క కట్టారు. 71 కిలోలున్న మీకు దాదాపు 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మీరు రాసిన తిండిలో అందులో సగం కూడా ఉండదు.

వెతుక్కోనక్కర్లేదు, అన్నీ మన వంటింట్లోవే. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసుడు పాలల్లో 6, పిడికెడు పప్పులో 7, వంద గ్రాముల చేపలో 18 దాకా మాంసకృత్తులుంటాయి. వరి కోసిన చేలల్లో మినుము, పెసర పండించే సీమ మనది. నాగాయలంక వైపువాళ్ళకి చేపలకేం కొదవ? ఇగురులో నూనె తగ్గిస్తే చాలు. ఇలా చేసి చూడండి:

పొద్దున్న నడకకి ముందు ఒక చక్కెరకేళి. (షుగరున్నవాళ్ళు డాక్టరునడిగి.)

టిఫినుకి రెండు పెసరట్లు, ఒక ఉడికిన గుడ్డు. గుడ్డు తినని ఇళ్ళల్లో గ్లాసుడు పాలు.

మధ్యాహ్నం ఒక కప్పున్నర అన్నం, గట్టి పప్పు, ఆకుకూర, పెరుగు. పప్పు తోటకూరో, మునగాకో అయితే మరీ మంచిది. మీద నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

సాయంత్రం వేయించిన సెనగలు గుప్పెడు.

రాత్రి రెండు పుల్కాలు, చేపల పులుసో, పెసరపప్పు కూరో. ఎనిమిదిలోపు తినేయండి.

భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా కాఫీ, టీలు వద్దు. అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. బందరు లడ్డు వస్తే ఒకటి నలుగురూ పంచుకోండి, మానేయనక్కర్లేదు.

నడక సంగతి

రెండు వారాలు తగ్గే ప్రయత్నమే ఆపండి. ఆకలికి తగ్గట్టు తినండి, నడక అరగంట చాలు, అదీ డాక్టరుగారు సరేనంటేనే. బరువు కాస్త పెరిగినా బెంగపడొద్దు. అది చాలావరకు పోయిన నీళ్ళు తిరిగిరావడమే. ఆ తర్వాత వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున నడవండి. రెండు రోజులు కండ నిలిచే వ్యాయామం చేయండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, గోడకి చేతులు ఆనించి తోయడం. వారానికి ఒక్క రోజు పూర్తి విశ్రాంతి. బట్టలుతకడం, నీళ్ళు మోయడం కూడా పనే, ఆ రోజు నడక తగ్గించుకోండి. వారానికి అరకిలో తగ్గితే చాలు. టీవీ పదింటికల్లా కట్టేసి ఏడు గంటలు నిద్రపోండి. ఐదింటికి లేవాలని నిద్ర కోసుకుంటే నీరసం రెట్టింపవుతుంది.

గుండెల్లో నొప్పి, దడ, సొమ్మసిల్లడం ఉంటే మాత్రం ఇవేవీ పెట్టుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక మీవారికి ఒక మాట. బాబూ, అరగంట ఎక్కువ నడవమని చెప్పే బదులు, ఆ అరగంట మీరు వంటింట్లో నిలబడండి. మీ ఆవిడ కోలుకునేదాకా గంజి వార్చే పని మీది!

చెల్లెమ్మా, పరీక్షల్లో ఏం తేలిందో తప్పక రాయండి. ఎదురుచూస్తుంటాను.