ఎల్కు వేటయు ముల్కీ వాదమును

అమెరికా పడమటి రాష్ట్రములలో ఎల్కు అను మృగమును వేటాడుటకు స్థానికులకెన్ని చీటీలీయవలయును, పైరాష్ట్రములవారికెన్ని యీయవలయును అను వివాదము కొన్నియేండ్లుగా ముదురుచున్నది. వేట యన్నంతనే ముఖము చిట్లించు మన చదువరులు దీనితో మనకేమి పనియని యడుగవచ్చును. మృగయను రాజవ్యసనములలో లెక్కించిన మనుస్మృతిని చదివినవారమే మేమును. 1972లో మనదేశమున పుట్టిన వన్యప్రాణి సంరక్షణ చట్టము మంచిదనియే మా తలంపు. అయినను ఈ వివాదమునకు వేట నెపముమాత్రమే. ఉమ్మడి సొత్తును అనుభవించువారెవరు, దాని భారమును మోయువారెవరు అనునది అసలు ప్రశ్న. ముల్కీ, నాన్‌ముల్కీ యను మాటలకై వీధులలో నెత్తురు కారిన తెలుగునాట ఈ ప్రశ్న క్రొత్తదా? మన బిడ్డలు పలువురు నేడు డెన్వరు మొదలగు పట్టణములలో కాపురములుండి ఆ రాష్ట్రములకు పన్నులు కట్టుచున్నారు గనుక ఇది బొత్తిగ పరాయిమాట యనుటకును వీలులేదు.

ముందు మృగమును గూర్చి రెండుమాటలు. ఎల్కు మన కణుజునకు దగ్గఱి చుట్టము. పోతు 300 కిలోల తూగును. దాని కొమ్ములు ఏటేట రాలి మరల మొలచును. షానీ తెగవారు దీనిని వాపిటి యందురు. తెల్లని పిఱుదు గలదని యర్థము. తెల్లవారు పడమటికి సాగిన కాలమున మాంసమునకును, తోలునకును, కడకు గడియారపు గొలుసులకు వ్రేలాడదీసికొను దంతములకును గూడ దీనిని చంపి చంపి, 20వ శతాబ్ది తొలినాటికి పెక్కు రాష్ట్రములలో కానరాకుండ జేసిరి. తూర్పు ప్రాంతపు ఎల్కుజాతి పూర్తిగ నశించెను. పిమ్మట చట్టములు వచ్చెను, కాపుదల గలిగెను. నేడు ఆ ఖండమున సుమారు 10 లక్షల ఎల్కులున్నవి. అందు కొలరాడోలోనే 3 లక్షలకు దగ్గఱగ గలవు. వేటాడదలచినవాడు రాష్ట్రప్రభుత్వమువద్ద టాగు అనెడి చీటిని కొనవలయును. చంపిన మృగమునకు కట్టు చీటి యగుటచే దానికాపేరు వచ్చెను. ఒక చీటికి ఒక మృగము. కావున చీటీల సంఖ్యయే వేటకు కళ్ళెము.

ఈ చీటీలను పంచుటలో రాష్ట్రమునకొక తీరు. ఆరిజోనా పైవారికి నూటికి 10 పాళ్ళకు మించి యీయదు. వయోమింగు, సంఖ్య కట్టిన వేటలలో 16 పాళ్ళిచ్చును. న్యూమెక్సికోలో 84 పాళ్ళు స్థానికులవి. 10 పాళ్ళు వేటనడపు గుత్తదారులతో ఒడంబడిక చేసికొన్నవారివి. గుత్తదారుని పొంతబోని పైవారికి మిగిలినవి 6 పాళ్ళు. వెలలలో భేదము ఇంతకన్న వింత. 2024లో వయోమింగు స్థానికుని ఎల్కుచీటి 57 డాలర్లు, పైవాని చీటి 692 డాలర్లు.

స్థానికుని వాదము త్రోసివేయదగినది కాదు. చలికాలమున మందలు దిగివచ్చి గడ్డివాములను మేసిపోవునపుడు నష్టపడువాడు వాడు. రాత్రివేళ మోటారుదారిపై మృగమునకు గ్రుద్దుకొని బండి విఱుగగొట్టుకొనువాడు వాడు. ఒక పోతును కొట్టి దాని మాంసముతో చలికాలమంతయు ఇల్లు గడుపుకొను కూలివాడొకడు, వారము దినముల వినోదమునకై విమానమెక్కివచ్చు ధనికుడొకడు. ఇరువురిలో మొదటివానికి పెద్దపాలు చెందుట న్యాయమని మేమును ఒప్పుకొందుము. 1978లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము బాల్డ్విన్ వ్యాజ్యమున ఇంచుమించుగ ఇట్లే తీర్పుచెప్పెను. మోంటానాలో స్థానికుడు 9 డాలర్లకు ఎల్కుచీటి కొనుచుండగా, పైవాడు 225 డాలర్ల కూడికచీటి కొనక తీఱనిదయ్యెను. ఎల్కువేట వినోదమేగాని జీవనాధారము కాదు గనుక పైవానికి సమాన హక్కు లేదని ఆఱుగురు న్యాయమూర్తులు పలికిరి, మువ్వురు కాదనిరి.

పెద్దపాలు వేఱు, అడ్డులేని పాలు వేఱు. మా వాదమంతయు ఇచ్చటనే మొదలగుచున్నది.

మృగములకు మనుష్యుల గుర్తింపుపత్రములు తెలియవు. కొలరాడోవారు మా ఎల్కులు మా ఎల్కులని యెలుగెత్తి చాటుదురు. 1913, 1914 సంవత్సరములలో ఎస్టిస్ పార్కు ప్రాంతమున విడిచిన 49 ఎల్కులు యెల్లోస్టోను నుండి తెచ్చినవి. నేడు అచ్చట వీథులలో తిరుగుచు యాత్రికులచే ఫోటోలు తీయించుకొను మందలకు మూలపురుషులు ఆ పరరాష్ట్రీయులే! ఇక స్థానికుడన నెవడు? నిజాము రాజ్యమున ముల్కీ యనిపించుకొనుటకు 15 ఏండ్లు నివసింపవలసియుండెను. కొలరాడోలో ఆఱునెలలు, మోంటానాలో 180 దినములు, వయోమింగులో ఒక సంవత్సరము చాలును. తాతనాటినుండి శరత్కాలమున అదే లోయకు వచ్చి అదే చెట్టుక్రింద గుడారము వేయు కాన్సాసు రైతు పరాయివాడట; మొన్న ఫ్లోరిడానుండి వచ్చి కొండప్రక్కన మేడ కట్టినవాడు ఆఱునెలలు తిరుగునప్పటికి భూమిపుత్రుడట!

చీటీలకు పరిమితి యేల యన్నచో, వేట యొత్తిడిని తగ్గించుటకని యెల్లరును ఏకకంఠముగ చెప్పుదురు. మంచిది. ఆ యొత్తిడి యెట్లు పనిచేయునో చూతము. సెప్టెంబరు ఎల్కులకు మదకాలము. పోతులు ఈలవేసినట్లు కూయుచు పెంటులను కూడబెట్టుకొనును. సరిగ అప్పుడే విల్లంబుల వేట సాగును. విలుకాడు తుపాకివానివలె అల్లంతదూరమునుండి కొట్టలేడు గనుక మృగమునకు మిక్కిలి చేరువకు పోవలయును. పోయినకొలది మందను లేవగొట్టును. అట్లు కొన్ని దినములు గడచునప్పటికి ప్రభుత్వపుటడవులలోని ఎల్కులు కంచెలు దాటి, వేట నిషిద్ధమైన స్వంత భూములలోనికి చేరి కూర్చుండును. అక్టోబరులో తుపాకులతో వచ్చినవారికి అడవి వట్టిపోయి యుండును. ఆ మృగములు వాటంతట అవి పోలేదు, మనుష్యులే తఱిమిరి. ఆరెగాన్‌లో 1987లో కంచెవేసిన స్టార్కీ ప్రయోగాటవియందు బహుకాలము పరిశీలించి, మోటారుబండ్లు తిరుగు బాటలనుండి ఎల్కులు దూరముగ తొలగునని కనుగొనిరి. కొలరాడోలో వెయిలు ప్రాంతమున ఈనినకాలమున పెంటుల చెంతకు మనుష్యులు పదేపదే పోగా, ఆ మందలలో పిల్లల సంఖ్య బాగుగ తగ్గెనని పరిశోధకులు 2000లో ప్రకటించిరి. ఆ మనుష్యుల చేతులలో తుపాకియు లేదు, విల్లును లేదు, వట్టి నడకయే.

ఇప్పుడు అడుగుదుము: పెంటిని లేవగొట్టు అడుగు ఏ రాష్ట్రముదో పెంటి యెఱుగునా? విలుకాండ్ర యొత్తిడి మిక్కుటమైనదని కొలరాడో సంఘమువారు 2025 నుండి రాష్ట్రపు పడమటిభాగమున పైవారికి విల్లంబుల ఎల్కుచీటీలను లాటరీకి లోబఱచిరి. అంతకుముందు పెక్కు తావులలో అవి అంగడిలో అడిగినవారికెల్ల దొరకెడివి. స్థానికులకో? నేటికిని అట్లే దొరకుచున్నవి. పాత్ర నిండి పొరలుచున్నదని చెప్పి ఒక ధారను కట్టివేసి రెండవదానిని పాఱనిచ్చు ఈ వైద్యమేమి? మంద నిజముగ బాధపడుచున్నచో స్థానికుని అంబుకును లెక్క యుండవలయును. బాధపడుట లేదా, పైవాని యంబును ఆపుటకు మంద పేరు చెప్పరాదు. మాకు చోటు చాలదు, వారు రాకుండుట మాకిష్టము అని తిన్నగ చెప్పవలయును. అదియు ఒక వాదమే. కాని సంరక్షణ యను పవిత్రమైన మాటను దానికి ముసుగుగ తొడుగుటను మేము సహింపము.

ధనము మాట వచ్చినప్పుడు ఈ ముసుగు తొలగును. వయోమింగు, మోంటానా, కొలరాడో మూటియందును వేటచీటీల రాబడిలో సింహభాగము పైవారిదే. అటవీరక్షకుల జీతములు, మందల లెక్కలు, గడ్డి నష్టమునకు పరిహారములు, అన్నియు ఎక్కువగ ఆ సొమ్ముతోనే నడచుచున్నవి. అదిగాక 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టము చొప్పున దేశమందెచ్చట తుపాకి కొన్నను, తూటా కొన్నను అందుపై వసూలగు పన్ను రాష్ట్రములకు పంపకమగును. మందలు తిరుగాడు నేలలో పెద్దభాగము ఫెడరల్ ప్రభుత్వమువారి యడవి. దాని యజమానులు యావద్దేశ ప్రజలు. వాని చీటీలు తగ్గింతుము, వాని వెల పెంచుదుము, ఆ సొమ్ముతో మా వేటను చవుకగ నుంచుకొందుము అను ఇల్లాలు లోకములో నున్నచో ఆమెను చుట్టుప్రక్కలవారేమందురు? స్థానికుడు తన మంద తనదని రొమ్ము చఱచుకొనదలచినచో ముందు తన 57 డాలర్లను పెంచుకొనుగాక. చట్టసభలలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడెల్ల ఆ రొమ్ములు వెనుకకు పోవుటయే చూచుచున్నాము.

వయోమింగులో మఱియొక చట్టమున్నది. ఫెడరల్ ప్రభుత్వము కేవలారణ్యములుగ ప్రకటించిన ప్రదేశములలో పైరాష్ట్రపువాడు దారిచూపువాని వెంట తీసికొనక పెద్దమృగమును వేటాడరాదు. అదే మనుష్యుడు అదే యడవిలో ఒంటరిగ నడువవచ్చును, కొండలెక్కవచ్చును, చేపలు పట్టవచ్చును. దారితప్పుటయు ఎలుగుబంటి కఱచుటయు తుపాకి చేతనున్నప్పుడే సంభవించునా? ఇది ప్రాణరక్షణ కాదు, గుత్తదారుల కూటిరక్షణ. ఇట్టి గుత్తదారుల కొఱకు మోంటానాలో 5,500 చీటీలు ప్రత్యేకించి యుంచగా, 2010లో అచ్చటి వోటరులు ప్రత్యక్షముగ వోటుచేసి దానిని రద్దుచేసిరి. ఆ విషయమున మోంటానా జనులను మెచ్చుకొనక తప్పదు.

పైవాడన్నచో దోచుకొనిపోవువాడే యని తలంచువారికి ఎల్కు పర్వతపు కథ వినిపింపవలయును. వయోమింగులో రైలుకంపెనీలకు 19వ శతాబ్దిలో భూములిచ్చినపుడు చదరంగపు గళ్ళవలె ఒకటి ప్రభుత్వమునకును ఒకటి కంపెనీకిని పంచిరి. ప్రభుత్వపు గడినుండి ప్రభుత్వపు గడికి పోవలెనన్న మూలనుండి మూలకు అడుగు వేయవలయును. తమ గాలిని ఆక్రమించినట్లని స్వంతదారులు దానిని అడ్డుకొనుచుండిరి. 2021లో మిస్సోరినుండి వచ్చిన నలుగురు వేటగాండ్రు ఒక ఇనుపనిచ్చెన చేయించి తెచ్చి, పరాయి మట్టికి కాలు సోకకుండ ఆ మూలను దాటిరి. వారిపై నేరము మోపగా 2022లో జూరీవారు నిర్దోషులనిరి. స్వంతదారుడు లక్షల డాలర్ల నష్టమునకు దావావేసెను. 2025 మార్చిలో పదవ మండల అప్పీలు న్యాయస్థానము వేటగాండ్ర పక్షముననే తీర్పిచ్చెను. ఆ యేడే సర్వోన్నత న్యాయస్థానము స్వంతదారుని అప్పీలును విచారణకు గైకొనకపోయెను. దానితో వయోమింగు, కొలరాడో, న్యూమెక్సికో, యూటా మొదలగు రాష్ట్రములలో జనులకు మూయబడియున్న ప్రభుత్వ భూములకు త్రోవ తెఱవబడెను. ఆ త్రోవన నేడు ఎక్కువగ నడచువారు స్థానికులే. కేసుల పాలైనవారు నలుగురు పరరాష్ట్రీయులు!

మా కోరిక పెద్దది కాదు. మంద యెంత వేటకు తాళునో ముందు లెక్కకట్టుడు. ఆ లెక్కకు స్థానికుని, పైవానిని ఇరువురిని లోబఱచుడు. పిమ్మట స్థానికునకు ముప్పాతిక పాలిత్తురో, అంతకెక్కువ యిత్తురో, మాకభ్యంతరము లేదు. మదకాలమునను ఈనినకాలమునను బండ్లబాటలను కొన్ని మూయుడు. అది చీటీలకన్న ముందు చేయవలసిన పని, కాని అందులో స్థానికుని షికారుబండికి కష్టము గలుగును గనుక దానిని ఎవ్వరును ఎత్తరు.

కొలరాడోవారు వేటకాలపు నియమములను ఐదేసి యేండ్లకు వ్రాసికొందురు. ఇప్పటి యేర్పాటు 2029తో ముగియును. 2030 నుండి నడువవలసిన నియమములకు సంఘమువారు కూర్చుండునపుడు విల్లంబుల చీటీలలో స్థానికులకును సంఖ్య కట్టుదురా, లేక పైవారి పాళ్ళనే ఇంకను కోయుదురా యని మేము చూచుచుందుము.