గోడకు అవతలి మనిషి

తెలుగు క్రైస్తవుల వాడుకలో ఒక చక్కని తేడా ఉంది. గోడలు, గంట, శిలువ ఉన్న కట్టడం 'మందిరం'. అందులో కూడే మనుషులు 'సంఘం'. ఇంగ్లిషులో రెంటికీ చర్చి అనే ఒక్క మాటే. కొత్త నిబంధన గ్రీకు మూలంలోని 'ఎక్లేసియా'కు కూడా కూడివచ్చిన జనమనే అర్థం, భవనమని కాదు.

మరి ఆ జనాన్ని కలిపి ఉంచేదేమిటి? ఒకే వాడా, ఒకే కులమా, నచ్చిన బోధకుడా? కొరింథు సంఘంలో తొలినాళ్లలోనే ఈ తగవు వచ్చింది. కొందరు పౌలు మనుషులమన్నారు, కొందరు అపొల్లో మనుషులమన్నారు. పౌలు తన పక్షం వాళ్లనూ వదల్లేదు. సంఘానికి పునాది క్రీస్తేననీ, మరో పునాది వేయడం ఎవరి తరమూ కాదనీ రాశాడు.

ఆ క్రీస్తు ఎలాంటివాడో మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే కనిపిస్తుంది. ఊరికి వెలుపల బతకాల్సిన కుష్ఠురోగి ఎదురొస్తే యేసు దూరంనుంచి మాట చెప్పి పంపలేదు. చెయ్యి చాపి ముట్టుకున్నాడు. రోగం పోయింది ఆ తర్వాతే. సంగతి ఊరూరా పాకడంతో జనం మూగి, యేసే బాహాటంగా ఊళ్లోకి వెళ్లలేక వెలుపల ఉండిపోవలసి వచ్చింది. బయటివాడు లోపలికి వెళ్లగలిగాడు, లోపలివాడు బయట నిలిచాడు. బోధకులు ఈ చివరి ముక్కను ఎందుకో తొందరగా దాటేస్తుంటారు.

రుద్రూర్ ఉన్న నిజామాబాద్ జిల్లాకు ఈ కథ కొత్త కాదు. 1907లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ, భర్త జార్జి కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చింది. కుష్ఠు సోకినవాళ్లను అయినవాళ్లే వెళ్లగొట్టే రోజులవి. నిజామాబాద్‌లో వాళ్లకోసం తెరిచిన చిన్న ఆశ్రయం కొద్ది కాలానికే చాలకుండా పోయింది. అప్పుడు నర్సాగౌడ్ అనే దాత ముందుకొచ్చి డబ్బిచ్చాడు. ఆయన క్రైస్తవుడు కాదు, హిందువు. అలా 1915 నాటికి డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి వెలిసింది. అప్పటికి ఈ రోగానికి నమ్మకమైన మందు లేదు. తర్వాత చాల్‌ముగ్రా గింజల నూనెను సూదిమందుగా ఇచ్చే వైద్యం అక్కడ సాగింది. ఆ సూదులు నొప్పి పెట్టేవి, నెలల తరబడి పొడిపించుకోవాలి. అయినా రోగులు వస్తూనే ఉన్నారు. 1923లో ప్రభుత్వం డాక్టరమ్మకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

ఆ మిషన్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలతో కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యాయి. పద్ధతులూ పెద్దరికాలూ వేరైనవాళ్లు ఒక్కటి కావడానికి ఏళ్లకేళ్లు చర్చలు సాగాయి. మొత్తానికి ఆ గోడలు పడ్డాయి.

పడనివి వేరే ఉన్నాయి. తెలుగు నేలమీద చాలా పల్లెల్లో మాలవాడకు ఒక మందిరం, మాదిగవాడకు ఇంకొకటి. రెండింటిలోనూ చదివేది ఒకే వాక్యం. అందరం క్రీస్తు శరీరంలో అవయవాలమన్న ప్రసంగం రెండు చోట్లా వినిపిస్తుంది. పిల్లకు సంబంధం వచ్చినప్పుడు మాత్రం పెద్దలు ముందు ఆరా తీసేది అబ్బాయి విశ్వాసాన్ని కాదు, వాళ్లదే వాడ అని. ఊరు తమను వెలిగా ఉంచితే ఆ బాధ భరించలేకనే వీళ్ల తాతముత్తాతలు క్రీస్తు దగ్గరికి వచ్చారు. అలాంటి ఇళ్లలోనే ఈ ఆరా సాగడం మరీ కష్టంగా తోస్తుంది.

కొరింథులోనూ పక్షాలతో ఆగలేదు. ప్రభువు బల్ల దగ్గర కలిగినవాళ్లు ముందే కడుపునిండా తినేసేవారు, లేనివాళ్లు ఆకలితో చూస్తూ ఉండేవారు. అది విన్న పౌలు, మీరు కూడి తింటున్నది ప్రభువు భోజనమే కాదని తేల్చేశాడు.