తన పుస్తకం తానే మోసుకొస్తే తప్పా?



కిందటి నెల ఎనిమిదో తరగతిలో ఒక చిన్న గొడవ జరిగింది. ఒక నవలా రచయిత తన కొత్త పుస్తకం చేత్తో పట్టుకుని, ఇది నేను రాశాను, కొని చదవండి అని చెప్పే వీడియో తరగతిలో చూపించాం. వెనక బెంచీ నుంచి వెంటనే ఒక మాట వచ్చింది: "ఇది సొంత డబ్బా కదా సార్!" తరగతంతా నవ్వింది. ముందు బెంచీలో ఉన్న అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఆయన చెప్పకపోతే మనకెలా తెలుస్తుంది సార్?" అని అడిగింది. అంతలో గంట కొట్టారు. జవాబు బాకీ ఉండిపోయింది. ఆ బాకీ ఇక్కడ తీరుస్తున్నాం.

ఇద్దరి మాటకూ పెద్దల బలం ఉంది. మహాభారతం కర్ణపర్వంలో అన్నగారైన ధర్మరాజును నిందించిన అర్జునుడు పశ్చాత్తాపంతో ప్రాణం తీసుకోబోతాడు. అప్పుడు కృష్ణుడు, నిన్ను నువ్వు పొగుడుకో చాలు, అది చావుతో సమానం అని ఉపాయం చెబుతాడు. వెనక బెంచీ వాడికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి? అయితే "అడగందే అమ్మయినా పెట్టదు" అన్న సామెత కూడా మనదే. ముందు బెంచీ అమ్మాయి పక్షాన అది నిలబడుతుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. రచయిత తన పుస్తకాన్ని పాఠకుడి గడప దాకా తీసుకురావడం తప్పు కాదు. అది అతని పనిలో భాగమే. పుస్తకాన్ని పక్కన పెట్టి తన గొప్పలు మోసుకొస్తే మాత్రం అది సొంత డబ్బా. ఈ తేడా మాకు బాగా అర్థమైంది కిష్టారంలో.

కిష్టారం మీలో కొందరికి తెలుసు, మీ నాన్నలు అక్కడ పనిచేస్తున్నారు. మిగతా వాళ్ల కోసం చెబుతాం. అది బస్తర్ అడవుల్లో, సుక్మా జిల్లా కోంటా వైపు ఉన్న ఊరు. తెలంగాణ సరిహద్దు దగ్గరే. అటు దాటితే చర్ల, ఇంకా పోతే గోదావరి ఒడ్డున భద్రాచలం. పేరు చూస్తేనే తెలుగు ఊరి పేరులా ఉంటుంది. ఖమ్మం జిల్లా సత్తుపల్లి దగ్గర కూడా ఒక కిష్టారం ఉంది. ఆ ప్రాంతంలో కోయలు, దోర్లాలు ఉంటారు. వాళ్ల మాట వాళ్లకుంది, అయినా అది తెలుగుకు దగ్గరి చుట్టమే. సంతలో తెలుగు వినపడుతుంది. కానీ తెలుగు అక్షరం మాకు ఎక్కడా కనపడలేదు. మాట ఉంది, పుస్తకం లేదు.

క్యాంపు వాళ్లు ఊరి పిల్లలకు నోటు పుస్తకాలు పంచే కార్యక్రమం పెట్టుకుంటే, మా విద్యార్థి తండ్రి ఒకరు రమ్మంటే వెళ్లాం. సాయంత్రం శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక జవాను మా దగ్గరికి వచ్చారు.

"తెలుగు సార్ అని చెప్పారండి. చదవడానికి ఏవైనా పుస్తకాలు తెచ్చారా సార్?"

మేము తేలేదు. సిగ్గేసింది. ఏం చదువుతుంటారని అడిగాం. ఆయన లోపలికి వెళ్లి ఒక నవల తెచ్చారు. అట్ట లేదు. మొదటి పన్నెండు పేజీలు లేవు. వీపు దగ్గర గోనె దారంతో కుట్టి ఉంది.

"ఎవరు రాశారండీ?"

"తెలీదు సార్. నేనొచ్చేసరికే అట్ట పోయింది. ఎవరో సెలవు నుంచి వస్తూ భద్రాచలం బస్టాండులో కొన్నారంట. నేను మూడుసార్లు చదివేశాను. మొదట్లో ఏం జరిగిందో మాత్రం తెలీదు."

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. చూడండి, రచయిత పేరు కూడా లేకుండా ఆ పుస్తకం తన కాళ్ల మీద తాను నిలబడింది. మంచి పుస్తకానికి డప్పు అక్కర్లేదు అనడానికి అది రుజువు. కానీ బస్టాండు దుకాణంలో ఎవరో దాన్ని కంటికి కనపడేలా పెట్టారు, ఎవరో కొని సంచిలో వేసుకున్నారు. ఆ రెండూ జరగకపోతే ఆ అడవిలోకి అది వచ్చేదే కాదు. చదివించుకోవడం పుస్తకం పని. చదివేవాడి దాకా దాన్ని చేర్చడం మనుషుల పని. ఆ మనుషుల్లో రచయిత కూడా ఒకడైతే తప్పేముంది?

తెలుగు నవల పుట్టిందే ఇలా. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1874లో 'వివేకవర్ధని' పత్రిక పెట్టారు. 1878లో తన 'రాజశేఖర చరిత్రము'ను అందులోనే వరసగా అచ్చువేశారు. 1880లో అది పుస్తకమైంది. అప్పటికి మనకు నవల అన్న పేరే స్థిరపడలేదు. ఆయన దాన్ని వచన ప్రబంధం అన్నారు. ఇలాంటి పుస్తకం ఒకటుంటుందని తెలియని పాఠకుడు దుకాణానికి వెళ్లి ఎలా అడుగుతాడు? అందుకే పంతులు గారు తన పత్రికలోనే, కొద్దికొద్దిగా, పాఠకుడి చేతికి అందించారు. రుచి చూపించారు, ఆ తర్వాతే పుస్తకం ముందు పెట్టారు.

ఈ విషయంలో మాకు అందరికంటే ఇష్టమైన మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి గారు. 1915లో నల్గొండ ప్రాంతంలో పుట్టారు. చిన్నతనంలోనే ఇళ్లలో వంటపని చేశారు, హోటల్లో సర్వరుగా పనిచేశారు, చదువు సొంతంగా నేర్చుకున్నారు. నిజాం పాలనలో బడి, కచేరీ ఉర్దూలో నడిచే రోజులవి. ఇంట్లో తెలుగు, బయట వేరే భాష. మీకు తెలిసిన పరిస్థితే కదా! ఆయన 1938లో 'దేశోద్ధారక గ్రంథమాల' స్థాపించి తెలుగు పుస్తకాలు అచ్చువేశారు. అచ్చువేసి ఊరుకోలేదు. ఆ పుస్తకాలు తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. తర్వాత 'ప్రజల మనిషి', 'గంగు' నవలలు రాశారు. ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. తన నవల రాయడానికి ముందే ఆయన ఎందరో ఇతరుల పుస్తకాలు మోశారు. అలాంటి మనిషి ఒకరోజు మన గుమ్మంలో నిలబడి, ఇది నేను రాసింది, చదవండి అంటే దాన్ని సొంత డబ్బా అనడానికి మనకు నోరు వస్తుందా?

తర్వాత వారపత్రికల కాలం వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్ వంటి వాళ్ల నవలలు సీరియల్స్‌గా వచ్చేవి. యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చినప్పుడు వారం వారం ఎదురుచూసినవాళ్లు మీ ఇళ్లలోనే ఉంటారు, మీ అమ్మమ్మలను అడగండి. ఆ రచయితలు, నా నవల గొప్పది అని చెప్పనక్కర్లేకపోయింది. సరిగ్గా తలుపు చప్పుడైన చోట కథ ఆపి, కింద "ఇంకా ఉంది" అని వేస్తే చాలు. అంతకంటే మంచి ప్రకటన ఏముంటుంది? మా అమ్మ ఆ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, పుస్తకంగా చేసుకునేది. ఒక సీరియల్ చివరి రెండు వారాలు మాత్రం అందులో లేవు. అప్పుడే నాన్నకు ట్రాన్స్‌ఫర్ అయింది. కొత్త ఊళ్లో ఆ పత్రిక దొరకలేదు. ముగింపు లేని ఆ పుస్తకం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

మీరు హిందీ, ఇంగ్లీషు పుస్తకాలు కూడా చదువుతారు కాబట్టి అటూ చూద్దాం. మీ హిందీ పాఠంలో ఉన్న ప్రేమ్‌చంద్ బనారస్‌లో సొంతంగా సరస్వతీ ప్రెస్ పెట్టుకున్నారు, 1930లో 'హంస్' పత్రిక నడిపారు. ఇంగ్లండ్‌లో చార్లెస్ డికెన్స్ 1858 నుంచి ఊరూరా సభలు పెట్టి, టిక్కెట్టు కొన్న జనానికి తన నవలల్లోని ఘట్టాలు తానే చదివి వినిపించాడు. అందుకోసమే 1867లో ఓడెక్కి అమెరికా కూడా వెళ్లాడు. మన కాలంలో అమీష్ త్రిపాఠి 2010లో తన మొదటి నవల వచ్చినప్పుడు మొదటి అధ్యాయాన్ని విడిగా అచ్చువేయించి పుస్తకాల దుకాణాల్లో ఉచితంగా పంచారు. నచ్చితే కొంటారు, నచ్చకపోతే లేదు.

కిష్టారం సంతలో తేనె అమ్మే ఒక అవ్వ కూడా మాతో అదే పని చేసింది. మోదుగాకు చివర ఒక చుక్క వేసి ఇచ్చి, "సూడు సారూ, మంచిగుంటే తీస్కో" అంది. తేనె గురించి ఇంకో మాట చెప్పలేదు.

ఇంకో దారి కూడా ఉందని చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మల్లాది వెంకటకృష్ణమూర్తి గారు ఎన్నో నవలలు రాసి కూడా ఏళ్ల తరబడి తన ఫొటో పత్రికల్లో వేయనివ్వలేదు, సభల్లో కనపడలేదు. అయినా పాఠకులు ఆయన పుస్తకాలు వెతుక్కుని చదివారు. రంగనాయకమ్మ గారు తన పుస్తకాలు తానే ప్రచురించుకుంటూ, సామాన్యులు కొనగలిగేలా ధర బాగా తక్కువ పెడతారు. ధర తగ్గించడం కూడా పాఠకుడి గడప దాకా నడిచి రావడమే.

మరి వెనక బెంచీ వాడి మాటలో నిజం లేదా? ఉంది. మేము ఇంతకుముందు పనిచేసిన ఒక బడికి ఒక రచయిత వచ్చారు. గంటసేపు మాట్లాడారు. ఏ సభలో ఏ శాలువా కప్పారో, ఏ పెద్దమనిషి ఏమని మెచ్చుకున్నారో అన్నీ చెప్పారు. నవలలో ఎవరున్నారు, వాళ్లకు ఏం కష్టం వచ్చింది, ఒక్క ముక్క చెప్పలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పుస్తకం మాత్రం ఒక్కరూ తెరవలేదు. ఈ రోజుల్లో దీనికి ఇంకో రూపం వచ్చింది. చదవని స్నేహితుల చేత అద్భుతం అని రాయించుకోవడం, ఐదు నక్షత్రాలు వేయించుకోవడం. అది పాఠకుడిని మోసం చేయడమే. ఒకసారి మోసపోయిన పాఠకుడు తర్వాత వచ్చే మంచి పుస్తకాన్ని కూడా అనుమానంగా చూస్తాడు. ఒకరు చేసిన తప్పుకు ఇంకొకరు నష్టపోతారు.

కాబట్టి ఏ రచయిత అయినా మీ ముందుకు వస్తే మూడు సంగతులు చూడండి. ఆయన మాట్లాడేది పుస్తకం గురించా, తన గురించా? కొనమనే ముందు మీకు ఒక పేజీ అయినా రుచి చూపించాడా? తనది కాని మంచి పుస్తకం ఒక్కటైనా మీకు చెప్పాడా? ఈ మూడింటికీ జవాబు బాగుంటే వినండి. లేకపోతే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇదంతా మనకెందుకు అని మీరు అడగవచ్చు. మనకే ఎక్కువ కావాలి. హైదరాబాద్‌లో, విజయవాడలో ఏటేటా పుస్తకాల పండగ జరుగుతుంది. అక్కడి పిల్లలు స్టాళ్ల మధ్య తిరిగి పుస్తకం ముట్టుకుని చూస్తారు. మనకు ఆర్డర్ వస్తే మూడేళ్లకో ఊరు. సామాను కట్టేటప్పుడు బరువని ముందు తీసేసేది పుస్తకాలే. అందులోనూ ముందు తెలుగు పుస్తకాలే, పరీక్షలో రావు కదా! మేము ఇప్పటికి ఆరు ఊళ్లు మారాం. నాలుగు ఊళ్లలో తెలుగు అచ్చు దొరకలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కిష్టారంలో చూసిందే మన క్వార్టర్లలోనూ ఉంది. మాట ఉంది, పుస్తకం లేదు. పుస్తకం లేని మాట ఒక తరం నిలుస్తుంది, రెండో తరానికి పలచబడుతుంది. అందుకే రచయిత తన పుస్తకం పట్టుకుని మన దాకా వస్తానంటే మేము తలుపు తెరుస్తాం. నవ్వం.

రచయితలు వచ్చేదాకా ఊరికే కూర్చోవాల్సిన పని కూడా లేదు. మీకు బదిలీ అయినప్పుడు మీరు చదివిన ఒక తెలుగు పుస్తకం ఇక్కడే మరొకరికి ఇచ్చి వెళ్లండి. మొదటి పేజీలో మీకు ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో రెండు వాక్యాలు రాయండి. నిజమే రాయండి. రచయితకు ఒక ఉత్తరం రాయండి. తన పుస్తకం ఎక్కడో అడవి పక్క ఊళ్లో ఒకరు చదివారని తెలిస్తే అతనికి అంతకంటే ఏం కావాలి?

శ్రీకాకుళం జవాను గారికి మేము మూడు నవలలు పోస్టులో పంపాం. అట్టలు ఎలాగూ ఉండవని తెలుసు. అందుకే ప్రతి పుస్తకంలోనూ మొదట్లో, నడుమ, చివర, మూడు చోట్ల రచయిత పేరు పెన్నుతో రాశాం.

ఎనిమిదో తరగతి వాళ్లకు ఒక మాట. సోమవారం ఒక నవల మొదటి అధ్యాయం చదివి వినిపిస్తాం. సగంలో ఆపేస్తాం. మిగతా సగం లైబ్రరీలో ఉంటుంది. వెనక బెంచీ వాళ్లు ముందుగా వచ్చి తీసుకోవచ్చు.