నోరు పూసిందని పళ్లు తోమించడం మానకండి

లుకేమియాకు పెద్ద డోసు కీమో ఎక్కించుకుంటున్నవారి పక్కన కూర్చున్న అమ్మలకు, అన్నదమ్ములకు, భార్యాభర్తలకు ఒక విన్నపం.

మందు మొదలైన వారం, పది రోజుల్లో చాలామందికి నోరు పూస్తుంది. వేగంగా పెరిగే కణాలను చంపడం ఆ మందు పని. నోటి లోపలి పొరా అలాంటిదే. తెల్లకణాలు అడుగంటేదీ దాదాపు అప్పుడే. వాటిలో న్యూట్రోఫిల్స్ అనేవి 500 కంటే కిందికి పడిపోయినప్పుడు, ఎప్పుడూ నోట్లో ఉండే క్రిములే ఆ పుండ్లలోంచి రక్తంలోకి దిగి ప్రాణం మీదికి తెస్తాయి. "పాపం మంట పుడుతోంది, రెండు రోజులు వదిలేద్దాం" అని మనం జాలిపడేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

అన్నిటికన్నా మెత్తటి బ్రష్ కొనండి, పిల్లలదైనా సరే. వేణ్నీళ్లలో కాసేపు ముంచితే ఇంకా మెత్తబడుతుంది. ఘాటులేని ఫ్లోరైడ్ పేస్టు బఠాణీ గింజంత చాలు. వేపపుల్ల, బొగ్గుపొడి ఇప్పుడు వద్దు. గుడాకు ఎప్పటికీ వద్దు. ప్లేట్‌లెట్లు పడిపోయి చిగుళ్ల నుంచి నెత్తురు కారుతుంటే బ్రష్ వాడాలో, తడి గాజుగుడ్డతో తుడవాలో వార్డు సిస్టర్‌ని అడగండి.

పుక్కిలించడానికి కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా కలపండి. తిన్న ప్రతిసారీ, మెలకువగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలకోసారీ పుక్కిలించి ఉమ్మేయాలి. ఏ రోజు నీళ్లు ఆ రోజే. షాపులో దొరికే రంగు మౌత్‌వాష్ సీసాలు కొన్నిటిలో ఆల్కహాల్ ఉంటుంది, పుండు మీద భగ్గుమంటుంది. కట్టుడు పళ్లు రాత్రిపూట తీసేయాలి. చూడటానికొచ్చిన బంధువులు ప్రేమగా తెచ్చిన ఆవకాయ మీరే తినండి.

రోజూ పొద్దున టార్చి వేసి పెదవి తిప్పి, నాలుక కింద, బుగ్గల లోపల చూడండి. తెల్లటి పొర కనిపించినా, నెత్తురొచ్చినా, ఉమ్మి మింగలేకపోతున్నా డాక్టరుకు చెప్పండి. "ఓర్చుకుంటాలే" అని రోగి అన్నా మీరు ఊరుకోవద్దు. నొప్పికి మందులున్నాయి, అవసరమైతే మార్ఫిన్ కూడా ఇస్తారు. ఇంట్లో ఉండగా జ్వరం 100.4 తాకితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకండి, వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి.

కీమో ఇంకా మొదలుకానివాళ్లు ముందే పళ్ల డాక్టరుకు చూపించుకోండి. పన్ను పీకితే గాయం మానడానికి పది రోజులైనా కావాలి. లుకేమియాలో అంత వ్యవధి చాలాసార్లు దొరకదు. అప్పుడు కనీసం ఏ పన్ను పుచ్చిందో, ఏది సలుపుతోందో కీమో డాక్టరుకు చెప్పి కేస్ షీట్‌లో రాయించండి.