వెలి ఎవరికి వేశారు, ఎవరు మోశారు?

ఏటా ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం పంతులుగారి విగ్రహాలకు దండలు పడతాయి. సభలు జరుగుతాయి. గద్య తిక్కన, యుగకర్త, నవయుగ వైతాళికుడు అంటూ బిరుదులన్నీ అయ్యాక, కాగితాలు మడుచుకుంటూ వక్త చివరి వాక్యం చెప్తాడు. "ఆయన సతీమణి రాజ్యలక్ష్మమ్మగారు కూడా ఆయనకు ఎంతగానో సహకరించారు." నా గొడవంతా ఆ "కూడా"తోనూ, ఆ "సహకరించారు"తోనూ.

పంతులుగారు ముందు బడిపంతులు. కోరంగిలో, ధవళేశ్వరంలో, రాజమండ్రిలో పాఠాలు చెప్పి బతికినవాడు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టాడు. ఆ ఏడే "వివేకవర్ధని" పత్రిక మొదలుపెట్టాడు. 1883లో స్త్రీల కోసం "సతీహితబోధిని" తెచ్చాడు. ఇదంతా మనకు కంఠతా వచ్చు. ఆయన వంశ చరిత్ర కూడా వచ్చు. తాతగారి పేరే మనవడిది. తండ్రి సుబ్బారాయుడు, తండ్రి పోయాక చేరదీసిన పెదతండ్రి వెంకటరత్నం. ఈ వరుసంతా మగపేర్లే. నాలుగేళ్ళకే తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడి తల్లి పున్నమ్మ ఏమైందని అడిగితే "ఎన్నో కష్టాలకోర్చి పెంచింది" అన్న ఒక్క ముక్కలో సరిపెడతారు. వితంతువుల కోసం జీవితం ధారపోసిన మనిషి తల్లి తానే ఒక వితంతువు. ఆ ఇంటి చరిత్ర రాయాలంటే మొదలు పెట్టాల్సింది అక్కడి నుంచి కాదా?

ఆ ఇంటికి కోడలుగా వచ్చింది రాజ్యలక్ష్మి. 1861లో పెళ్ళయ్యేనాటికి ఆయనకు పదమూడేళ్ళు, ఆమె ఇంకా చిన్నపిల్ల. పుట్టింట ఆమె పేరు బాపమ్మ. అత్తింట అది రాజ్యలక్ష్మి అయింది. పేరు మార్పుతో మొదలైన కాపురాన్ని మన చరిత్రకారులు "అనుకూల దాంపత్యం" అంటారు. ఎవరికి అనుకూలమో ఎవరూ అడగరు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పంతులుగారి ఇంట మొదటి వితంతు వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. ఊరు భగ్గుమంది. కులం వెలి వేసింది. వెలి అనే మాట మనం పుస్తకాల్లో చదివి ముందుకు వెళ్ళిపోతాం. అది ఇంట్లో ఏం చేస్తుందో ఒకసారి ఆగి ఆలోచిద్దాం. వెలి పడ్డ మగవాడికి బంతిలో విస్తరి పోతుంది. శుభకార్యాలకు పిలుపు పోతుంది. బజారులో నలుగురూ మొహం తిప్పుకుంటారు. అవమానమే, కాదనను. కానీ వంటవాళ్ళు మానేస్తే ఆ వంట ఎవరు చేయాలి? నీళ్ళు తెచ్చేవాళ్ళు రాకపోతే ఆ బిందెలు ఎవరు మోయాలి? పురోహితుడు రాకపోతే పెళ్ళికొడుకుకు లోటు. పనివాళ్ళు రాకపోతే లోటు ఇల్లాలికి. ఆ పని రాజ్యలక్ష్మి చేసింది. గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, పెళ్ళివారికి వండి వార్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇంటికి చేరిన వితంతు బాలికలను కడుపులో పెట్టుకుని చూసింది. పెళ్ళయి వెళ్ళిన వాళ్ళకు పుట్టిల్లు కూడా తానే అయింది.

అంటే సంఘం వెలి వేసింది పంతులుగారిని. దాన్ని నెత్తిన మోసింది ఆవిడ. సంస్కరణోద్యమం వేదిక మీద ఉపన్యాసంగా, పత్రికలో వ్యాసంగా, కోర్టులో వాదంగా మనకు కనిపిస్తుంది. పొయ్యి దగ్గరా నదీ రేవులోనా అది చాకిరీగా నడిచింది. ఆ చాకిరీ లేకపోతే రెండో పూటకే పెళ్ళి పందిరి ఖాళీ అయ్యేది. కాకినాడ నుంచి డబ్బిచ్చిన పైడా రామకృష్ణయ్యగారిని చరిత్ర "దాత" అంది. న్యాయమే. మరి ఒళ్ళు ఇచ్చిన మనిషి ఒట్టి "సహకారి" ఎందుకయింది? డబ్బుకు ఉన్న లెక్క ఆడదాని శ్రమకు లేకపోవడం కాక ఇది మరేమిటి?

ఒక సదస్సులో ఈ మాటే అన్నప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దాయన నవ్వి, "ఆవిడ గురించి ఏముందమ్మా, రెండు పేజీల సరుకు" అన్నారు. ఆ రెండు పేజీలూ కూడా ఎవరు రాసినవో ఆలోచించండి. ఆమె గురించి మనం చెప్పుకునేదంతా దాదాపుగా పంతులుగారి "స్వీయచరిత్ర" నుంచి వచ్చిందే. ఆయన ఆమెను మెచ్చుకున్నాడు, కృతజ్ఞతగానే రాశాడు. అయితే ఆమె 1910లో కన్నుమూసింది. ఆ గ్రంథం రెండో సంపుటం వెలువడింది 1915లో. "అది అలా కాదండీ" అని అడ్డుపడే అవకాశం ఆమెకు లేదు. భర్త మెప్పు ఒక సాక్ష్యమే గాని భార్య జీవిత చరిత్ర కాదు. సరుకు తక్కువ కావడానికి కారణం ఆమె జీవితం చిన్నది కావడం కాదు, దాన్ని దాచిపెట్టాలని ఎవరికీ తోచకపోవడం.

"ఆ కాలాన్ని ఈ కాలపు కళ్ళతో చూడకూడదు" అంటారు కొందరు. ఆ కాలపు ఆడవాళ్ళకు కళ్ళు లేవా? "ఆంధ్ర కవుల చరిత్ర"లో ముద్దుపళనిని పంతులుగారు అసహ్యించుకుంటూ రాస్తే, బెంగుళూరు నాగరత్నమ్మ ఊరుకోలేదు. 1910లో "రాధికా సాంత్వనము"ను తానే పరిష్కరించి అచ్చు వేయిస్తూ పీఠికలో ఆయన్ని నిలదీసింది. మరుసటి ఏడు ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947లో గాని నిషేధం తొలగలేదు. కాబట్టి పంతులుగారిని ప్రశ్నించడం మనం కొత్తగా కనిపెట్టింది కాదు. ఆయన బతికుండగానే ఒక స్త్రీ చేసిన పని.

చట్టం సంగతీ చూద్దాం. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం పెళ్ళికి తలుపు తీసింది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొదటి భర్త ఆస్తిలో హక్కు పోతుందని అదే చట్టంలో రాసింది. ఆ గడప దాటిన గౌరమ్మలకు వెనక్కి తిరిగి చూసుకునేందుకు గుప్పెడు మట్టి కూడా మిగలనక్కరలేదన్నమాట. అలాంటి పిల్లలకు ఒక ఇల్లు, ఒక పొయ్యి, పురిటికి ఒక మంచం కావాలి. చట్టం ఇవ్వనిది ఇల్లాలు ఇచ్చింది. ఇది దయ కాదు, ఉద్యమంలో సగం.

మనం మరో సంగతీ ఒప్పుకోవాలి. రాజ్యలక్ష్మి బిందె ఎత్తుకుంటే అది చరిత్ర అయింది, ఆమె బ్రాహ్మణ ఇల్లాలు కాబట్టి. రోజూ ఆ రేవులోనే నీళ్ళు మోసిన ఇతర కులాల ఆడవాళ్ళ పేర్లు ఏ స్వీయచరిత్రలోనూ లేవు. వాళ్ళలో చాలా కులాలకు మారుమనువు కొత్త సంగతీ కాదు. పైకులాల ఆడవాళ్ళ గోడును "స్త్రీల సమస్య" అని, మిగతా ఆడవాళ్ళ శ్రమను "మామూలే" అని రాసిన చరిత్ర అది. రాజ్యలక్ష్మిని పైకి తీసుకురావడమంటే ఇంకొక దేవతను పీఠమెక్కించడం కాదు. మన పుస్తకాలు ఏ పనిని పనిగా లెక్కపెట్టలేదో అడగడం. "సహనశీలి", "సాధ్వి", "తగిన ఇల్లాలు" లాంటి మాటలతో ఆమెను పొగిడినంతకాలం ఆ లెక్క తేలదు. సహనం గుణం. శ్రమ చరిత్ర.

ఆ దంపతులకు సంతానం లేదని, వంశం అక్కడితో ఆగిందని రాస్తారు. ఇంటి నిండా పెరిగి, చదివి, పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిన ఆడపిల్లలున్న ఇంటికి వంశం లేదనడానికి ఎవరికి నోరొచ్చిందో! ఆస్తి హితకారిణీ సమాజానికి చేరింది. పేరు పంతులుగారికి చేరింది. ఆ పిల్లల జాబితాను వంశవృక్షంగా గీసే పరిశోధన ఒక్కటి మన విశ్వవిద్యాలయాల్లో జరిగితే, గోదావరి జిల్లాల కుటుంబ చరిత్రలు ఎన్ని తిరగరాయాల్సి వస్తుందో.

రాజమండ్రిలో ఆమె పేరు మీద ఆడపిల్లల కాలేజీ ఉంది. అందరూ ఎస్.కె.ఆర్. అంటారు. శ్రీ కందుకూరి రాజ్యలక్ష్మి అనే పేరు మూడు పొడి అక్షరాలయింది. వచ్చే ఏప్రిల్ 16 సభలో బిరుదుల పట్టిక కాస్త తగ్గించి, ఆ మూడక్షరాలను విప్పి చెప్పండి. 1881 డిసెంబరులో ఎన్ని బిందెల నీళ్ళు ఏ మెట్ల మీదుగా ఆ ఇంటికి చేరి ఉంటాయో ఆ పిల్లలనే లెక్క కట్టమనండి. వాళ్ళకు తెలుస్తుంది. ఇళ్ళల్లో బిందెలు ఎవరు మోస్తున్నారో వాళ్ళకు మనకన్నా బాగా తెలుసు.