వేడి కాకపోతే?

"బట్టలాగి నాలుగేండ్లాయె. మొన్న మళ్ల కనవడ్డది అక్కా."

"ఎండలకు వేడి చేసుంటది. సబ్జాలు నానవెట్టుకొని తాగు."

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కి కూర్చున్నాక వెనక సీట్లోంచి వినిపించిన మాటలివి. సబ్జాలు చలవే, కాదనను. కానీ నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక చుక్క రక్తం కనిపించినా అది మళ్లీ ముట్టు రావడం కాదు, వేడి అంతకన్నా కాదు. కారణం చిన్నదే కావచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కూడా కావచ్చు. ఏదైనదీ డాక్టరు చూస్తే తప్ప తెలియదు.

2022 అంచనాల ప్రకారం ఒక్క ఏడాదిలో మన దేశంలో సుమారు 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ సోకింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు. ఇది రాత్రికి రాత్రి వచ్చే జబ్బు కాదు. హెచ్‌పీవీ అనే వైరస్ ఒంట్లో తిష్ట వేసి, కణాల్లో మార్పు తెచ్చి, అది క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. అంత వ్యవధి ఇచ్చే జబ్బుకి ఇంతమంది బలవుతున్నారంటే, మనం పైకి చెప్పుకోలేని సంగతులే కారణమనిపిస్తుంది.

అలాంటి వాటిలో మొదటిది, భార్యాభర్తల కలయిక తరవాత రక్తం కనిపించడం. తల్లికి చెప్పలేరు, అత్తకు అసలే చెప్పలేరు. భర్తకు తెలిసినా ఇద్దరూ మాట్లాడుకోరు. డాక్టరు మాత్రం ముందుగా అడిగేది అదే. నెలసరికీ నెలసరికీ మధ్య మరక కనిపించడం, ఎన్నడూ లేనంతగా రోజుల తరబడి బట్ట అవడం కూడా చెప్పాల్సినవే.

ఇక తెల్లబట్ట. చాలామందికి ఇది మామూలు ఇన్‌ఫెక్షనే, మందులతో తగ్గిపోతుంది. దుర్వాసన వస్తున్నా, నెత్తుటి చార కనిపిస్తున్నా, మందులు వాడినా తగ్గకపోయినా ఊరుకోవద్దు. అలాగని, తెల్లబట్ట అనగానే పరీక్ష లేకుండా గర్భసంచి తీయించుకోవడమూ తప్పే. మన పల్లెల్లో ఆ ఆపరేషన్లు ఎన్ని జరిగాయో ఇంటింటా తెలుసు. ముందు పరీక్ష, తరవాతే కోత గురించి మాట.

నడుము నొప్పి సంగతి వేరు. పొద్దస్తమానం ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే మనిషికి నడుము నొప్పి లేనిదెప్పుడు? దాన్నిబట్టి క్యాన్సరని భయపడక్కర్లేదు. కాకపోతే పైన చెప్పిన వాటితో పాటు పొత్తికడుపు నొప్పి, కాలు వాపు కూడా ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. జబ్బు ముదిరాక కనిపించే లక్షణాలవి.

అసలు చిక్కేమిటంటే, తొలి దశలో చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. అందుకే ముప్ఫై దాటిన వారు బాగున్నా సరే పరీక్ష చేయించుకోవాలి. మన దేశంలో 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు 30 నుంచి 65 ఏళ్ల వారికి అయిదేళ్లకోసారి పరీక్ష అన్నాయి. గర్భాశయ ముఖానికి పలుచటి ఎసిటిక్ ఆమ్లం అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్న చోటు తెల్లబారుతుంది. కోత లేదు, మత్తు లేదు. క్యాన్సర్‌గా మారకముందే దొరికితే చాలామందికి చిన్న చికిత్సతోనే సరిపోతుంది. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలోనూ క్యాన్సర్ పరీక్షలు చేర్చారు. మీ ఊరి ఏఎన్‌ఎమ్మునో ఆశా కార్యకర్తనో అడిగితే ఎక్కడ, ఏ రోజు చేస్తారో చెబుతారు.

ఒక్క మాట. రక్తం కనిపిస్తున్న వారికి ఈ పరీక్ష ఒక్కటే చాలదు. డాక్టరు లోపల చూసి, అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పంపుతారు. పెద్ద వైద్యం కావాల్సి వస్తే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలుంటే హెచ్‌పీవీ టీకా గురించి కూడా అప్పుడే అడగండి. టీకా వేయించుకున్నా, పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

ఆ రోజు బస్సులో ఉండబట్టలేక వెనక్కి తిరిగి ఇందులో సగం చెప్పాను. ఆమె జబ్బేమిటని అడగలేదు, ఖర్చెంతనీ అడగలేదు. "మగ డాక్టరుంటడా?" అంది. ఆడ డాక్టరే కావాలని అడగొచ్చు. లేకపోతే నర్సమ్మ పక్కన ఉండాలని అడగొచ్చు. ఆ మాటే చెప్పాను. ఎల్లారెడ్డిలో దిగేటప్పుడు సర్కారు దవాఖాన ఎటో పక్కామెను అడుగుతోంది.