కోదాడలో శిలావనం కావాలి

కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాల పాత శిల్పాల్లో కొన్ని గుళ్లలో పూజలందుకుంటున్నాయి. చాలావాటికి ఆ రక్షణ లేదు. చెరువు కట్టల మీద, వేపచెట్ల కింద, పొలం గట్ల మీద వీరగల్లులు, నాగశిలలు, చెయ్యి విరిగిన భైరవులు, తల లేని నందులు పడి ఉంటాయి. నంది కింద నిధి ఉందన్న మాట నమ్మి రాత్రిపూట తవ్వేవారి వల్ల కొన్ని పగులుతాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మరికొన్ని మట్టిలో కలుస్తాయి. ఎత్తుకుపోయినవి చేతులు మారి పాత వస్తువుల వ్యాపారుల దగ్గరికి చేరతాయి.

ఈ నేల సామాన్యమైనది కాదు. పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వరాలయాలు కాకతీయుల కాలానివి. సూర్యాపేట జిల్లాలోనే ఉన్న ఫణిగిరి బౌద్ధ శిల్పాలను 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు పెట్టింది. కృష్ణా తీరం వైపు హద్దు దాటగానే జగ్గయ్యపేట వస్తుంది. అక్కడి స్తూపపు చక్రవర్తి ఫలకం చూడాలంటే మాత్రం చెన్నై మ్యూజియానికి వెళ్లాలి.

కాపలా, లెక్క సరిగా లేకపోతే ఏమవుతుందో ప్రకాశం జిల్లా చందవరం చూపించింది. అక్కడి బౌద్ధ శిల్పాలు దొంగల పాలయ్యాయి. వాటిలో ఒకటి, బుద్ధుని ఆరాధకులున్న ఫలకం, ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ కొనుగోలులో తేలింది. చందవరంలో తీసిన పాత ఫొటో ఆధారంగా అది మనదేనని రుజువైంది, 2016లో తిరిగొచ్చింది. ఒక్క ఫొటో చేసిన పని అది. చెరువు కట్ట మీది వీరగల్లుకు ఆ ఒక్క ఫొటో కూడా లేదు. రేపు అది మాయమైతే ఏ ఊరిదని చెప్పగలరు?

చట్టం లేకపోలేదు. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు. పురావస్తువుల వ్యాపారికి లైసెన్సు తప్పనిసరి. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెప్తోంది. ఊళ్లో లెక్క లేనిచోట ఈ చట్టాలకు ఆధారం దొరకదు.

అందుకే కోదాడలో ఆరుబయట శిలావనం ఏర్పాటు చేయాలి. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి ఇక్కడి నుంచే పోతుంది. కోస్తాకు వెళ్లే వేలమంది ఇక్కడ టీకో భోజనానికో ఆగుతారు. పూజలో ఉన్న ఏ విగ్రహాన్నీ కదపకూడదు. దిక్కులేని రాళ్లను మాత్రమే, గ్రామసభ తీర్మానంతో, వారసత్వ శాఖ నిపుణుల చేతుల మీదుగా తేవాలి. ప్రతి రాయి దగ్గర అది వచ్చిన ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఊరి పేరు పోగొట్టుకున్న శిల్పం సగం పోయినట్టే. గ్రానైటు ఎండకు వానకు తట్టుకుంటుంది. సున్నపురాయి తట్టుకోదు, దానికి కప్పు ఉండాలి. సిమెంటుతో పాతడం, రంగులు పూయడం పూర్తిగా మానాలి. నల్లగొండ పక్క పానగల్లులో జిల్లా పురావస్తు మ్యూజియం ఉంది. శిలావనానికి అక్కడి అనుభవం అక్కరకొస్తుంది.

శిలావనం కట్టేదాకా ఆగనక్కరలేని పని ఒకటుంది: లెక్క. ప్రతి ఊళ్లో హైస్కూలు పిల్లలు, ఉపాధ్యాయులు కలిసి శిల్పాలను నాలుగు వైపులా ఫొటో తీసి, కొలతలు రాసి, ఒక ప్రతి పంచాయతీలో, మరొకటి తహసీల్దారు కార్యాలయంలో ఉంచవచ్చు. దీనికి ఒక సెల్‌ఫోను, ఒక టేపు చాలు.

కొనేవారికీ బాధ్యత ఉంది. కోస్తా ప్రయాణాల్లో పాత సామాన్ల దుకాణాలు చూడటం తప్పు కాదు. ఇత్తడి బిందె, పాత తలుపు కొనుక్కోవచ్చు. రాతి విగ్రహం ఎదురైతే పురావస్తు చట్టం కింద ఇచ్చిన రిజిస్ట్రేషన్ పత్రం అడగాలి. చూపకపోతే కొనకూడదు, పోలీసులకు చెప్పాలి.

కోదాడ పురపాలక సంఘం స్థలం కేటాయించాలి. సూర్యాపేట జిల్లా యంత్రాంగం వారసత్వ శాఖను కదిలించాలి. ఈ కరపత్రం చదివినవారు వచ్చే గ్రామసభలో తమ ఊరి శిల్పాల లెక్క కోసం తీర్మానం పెట్టించాలి.